మడత పెట్టిన, ఫికర్ చెయ్యకు

మా సారు పోయారని నల్గొండ దవాఖాన నుంచి ఆయన భార్య ఫోన్ చేసి చెప్పింది. ఆమెను నేను అక్కా అనే పిలుస్తాను. అప్పుడే చౌటుప్పల్‌లో కంపెనీ బస్సు దిగుతున్నాను. కాసేపటికే సారు పేరుతో మెసేజ్ వచ్చింది: "మడత పెట్టిన. ఫికర్ చెయ్యకు." పిచ్చివాడిలా ఆయన నంబరుకు ఫోన్ కొట్టాను. అక్కే ఎత్తింది.

ఆ మెసేజ్ పంపింది ఆయన రాసిన స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటరు ప్రోగ్రాం. మా మందుల ఫ్యాక్టరీలో సర్వర్లు తాము చేసే ప్రతి పనినీ లాగ్ ఫైళ్లలో రాసుకుంటూ పోతాయి. పాతవి తీయకపోతే డిస్కు నిండి, సర్వర్ ఆగి, ఫ్యాక్టరీ అంతా మా మీద పడుతుంది. సారుది మగ్గాల ఇల్లు. "నేసిన చీర దింపకుంటే కొత్తదానికి జాగా ఏడుంటదిరా?" అనేవారు. పాత లాగ్ ఫైళ్లను కుదించి, వేరే డిస్కులో దాచి, సరిగ్గా చేరాయని చూసుకున్నాకే ఇక్కడ చెరిపేలా స్క్రిప్టు రాశారు. రోజూ పొద్దున్నే దానంతటదే నడిచి, పని కాగానే నాకు ఆ మెసేజ్ పంపేలా పెట్టారు. ఆ దాచడాన్నే మడత అనేవారు.

అంత చేసీ, రాగానే దాచిన ఫైలొకటి తెరిచి చూసేవారు. "మీ స్క్రిప్టు మీద మీకే నమ్మకం లేదా సార్?" అని ఎక్కిరించేవాణ్ని.

"తాళమేసినంక గూడ ఒకపారి గుంజి సూస్తం గదరా" అని నవ్వేవారు.

నాకు ఈ పని నేర్పిన మనిషి. తిట్టినా ఆయనే, టిఫిన్ డబ్బా నా వైపు జరిపినా ఆయనే. ఇప్పుడు నేనెవరిని అడగాలి?

దినాలు కాకముందే మేనేజరు ఆయన లాగిన్ మూసేయమన్నాడు. మూస్తే దాని కింద నడిచే స్క్రిప్టు ఆగుతుంది, ఆ మెసేజూ ఆగుతుంది. ఆయన మాట నాకు అందే దారి అదొక్కటే మిగిలింది.

"దినాలయ్యేదాంక ఆగుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"రూల్ గట్లుంది, నా చేతుల లేదు" అన్నాడు.

స్క్రిప్టును నా లాగిన్ కిందికి మార్చాను. మెసేజ్ అందుకునే చోట నా నంబరు తీసేసి ఆయన నంబరు పెట్టాను. ఇంకెవరికి చెప్పుకోను? మాట మాత్రం మార్చలేదు. ఆ తర్వాత ఆయన లాగిన్ మూశాను. పక్కన మనుషులున్నారని కూడా చూసుకోకుండా ఏడ్చాను.

మర్నాడు పొద్దున దాచిన ఫైలొకటి తెరిచి చూస్తుంటే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, సార్ ఫోన్‌కు నీ పేరు మీద ఏదో వచ్చింది. ఫికర్ చెయ్యకు అని ఉన్నది."

"ఆపేస్తనక్కా" అన్నాను.

"వద్దు" అంది. "గా ఫోను చార్జింగ్ పెట్టే ఉంచుత."