మూలల మేడమ్

ఎవరు ఏ ఫోటో చూపించినా పిన్ని మధ్యలో ఉన్నదాన్ని చూడదు, అంచులు చూస్తుంది. పుట్టిన బిడ్డ ఫోటో ఇచ్చి ముక్కు ఎవరి పోలికో చెప్పమంటే, మంచం కింద ఆ చెప్పులు ఎవరివని అడిగింది. ఆ బిడ్డ తల్లి ఇప్పటికీ ఆవిడను పలకరించదు.

ఒకసారి బంధువులమ్మాయికి వచ్చిన సంబంధం ఫోటో చేతికిచ్చారు. అబ్బాయి ఒత్తయిన జుట్టుతో నవ్వుతున్నాడు. పిన్ని వెనక గోడమీది క్యాలెండరు చూసి, ఇది ఏనాటిదో పాత ఫోటో, ఇప్పటిది పంపమనండి అంది. ఇప్పటి ఫోటో వచ్చింది. జుట్టు రాలేదు.

ఆవిడ బడిలో లైబ్రేరియన్. పిల్లలు పెట్టుకున్న పేరు మూలల మేడమ్. లైబ్రరీ పీరియడ్‌లో ఫోన్లలో తిరిగే ఫోటోలను తెరమీద వేసి, "మధ్యలోది మనకు చూపించాలనుకున్నది. అంచుల్లోది దాచడం మరిచిపోయింది," అనేది. అదే బడిలో తొమ్మిదో తరగతి చదివే ఆవిడ అక్క కూతురికి తల కొట్టేసినట్టుండేది. అక్కడ ఆవిడను పొరపాటున కూడా పిన్నీ అని పిలిచేది కాదు.

అలాంటి రోజుల్లో బడి బస్సు డ్రైవరు ఫోటో ఊరంతా తిరిగింది. స్టీరింగు మీద తల వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. కింద "నడుస్తున్న బస్సులో నిద్ర! పిల్లల ప్రాణాలతో చెలగాటం!" అని రాసుంది. తల్లిదండ్రులు మండిపడ్డారు. సాయంత్రానికల్లా డ్రైవర్ని తీసేస్తానని హెడ్మాస్టరు మాటిచ్చేశారు. నా పీరియడ్ అయ్యాక తీసేద్దురుగాని రండి అంటూ పిన్ని ఆయన్నీ, డ్రైవర్నీ లైబ్రరీకి లాక్కొచ్చింది.

ఆ పీరియడ్‌కు వచ్చినవాళ్ళలో అక్క కూతురూ ఉంది. ఆ ఫోటో తీసింది తనే. నవ్వుకోవడానికి ఒక్క స్నేహితురాలికి పంపింది, అంతే. ఆ రాత ఎవరు తగిలించారో తెలియదు. ఇప్పుడు నోరు విప్పితే బడిలో ఇక తలెత్తుకోలేదు.

పిన్ని ఫోటో తెరమీద వేసింది. పిల్లలు అలవాటుగా అంచుల మీద పడ్డారు.

"కిటికీ బయట టైర్ల గుట్ట ఉంది మేడమ్."

"అది పంచరు షాపు! ఆరోజు చక్రం బాగుచేసేదాకా మనమంతా కిందికి దిగి నిలబడ్డాం కదా!"

బస్సు ఆగే ఉందని తేలిపోయింది. హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. డ్రైవరు అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

పిన్ని మాత్రం మొదటినుంచీ తెర కింది మూలకు అడ్డంగా నిలబడే ఉంది. ఆ మూల కూడా చూస్తాం, కాస్త జరగమని పిల్లలు అడిగారు.

"ఇక్కడేం లేదు. నాకు కాళ్ళు నొప్పి, జరగలేను."

తరగతి తెల్లబోయింది. మూలను వదిలేసిన మూలల మేడమ్‌ను వాళ్ళెప్పుడూ చూడలేదు.

అక్క కూతురికి అర్థమైంది. సంచి తెచ్చుకోవడానికి మళ్ళీ బస్సెక్కినప్పుడు తీసిన ఫోటో అది; ఆ మూలలో తన పసుపు సంచి పట్టీ పడింది. తెగిపోతే నీలం దారంతో కుట్టిచ్చింది పిన్నే. చూడగానే పోల్చుకుని ఉంటుంది. తనకోసం పిన్ని తన పాఠానికే అడ్డంగా నిలబడింది. ఆ పిల్లకు సిగ్గు వేసింది, ప్రేమ పొంగుకొచ్చింది. లేచి నిలబడింది.

"పిన్నీ, కాస్త పక్కకు జరుగు."

అందరి ముందూ జరిగింది చెప్పి, తనను క్షమించమని డ్రైవర్ని అడిగింది. ఆయన తెరమీద తెరుచుకున్న తన నోటిని చూసుకున్నాడు.

"తీస్తే తీశావు గానీ తల్లీ, నోరు మూసుకున్నాక తీయాల్సింది."

మర్నాడు ఆయన గడ్డం గీసుకుని వచ్చాడు. అదే సీట్లో కూర్చోబెట్టి ఆ పిల్ల కొత్త ఫోటో తీసింది, అసలు సంగతి కింద రాసి అందరికీ పంపింది. పిన్నికి గర్వంగా చూపించింది. పిన్ని ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, సీటు కింద ఆ అరటితొక్క ఎవరు పడేశారని అడిగింది.