వైబ్రఫోన్‌కి కోటు మెత్త

దర్జీ చేతిలో కత్తెర, మనసులో దరువు. కోటు కొలతలు తీసుకుంటూ కూడా బల్ల మీద వేళ్లతో తాళం వేస్తాడు. వీధివాళ్లు ఆయన్ని 'దరువు మాస్టారు' అనేది అందుకే. అలాంటి మనిషి కంట్లో, స్వింగ్ సంగీతం లోకాన్ని ఊపేసిన కాలం నాటి వైబ్రఫోన్ పడితే ఊరుకుంటాడా?

రెండు వరసల లోహపు పలకలు, వాటి కింద గొట్టాలు, గొట్టాల్లో రేకులు తిప్పే చిన్న మోటారు. హోటల్ బ్యాండులో దాన్ని వాయించినాయన పోయాడు. ఆయన భార్య, పక్కవీధి పెద్దావిడ, అమ్మడానికి ఒప్పుకుంది గానీ ఓ మెలిక పెట్టింది.

"ఆదివారం వచ్చి వింటాను నాయనా. పలక్కపోతే మాత్రం నీ డబ్బు నీకిచ్చి తీసుకుపోతాను."

"మనం మసలడానికే చోటు లేదు, దీన్నెక్కడ పెడతావయ్యా?" అని సణిగిన దర్జీ భార్యే రోజూ దాన్ని తుడిచేది. దర్జీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పలకల్ని ఆనుకుని ఉండి, పెడల్ తొక్కితే కిందికి దిగే ఉన్ని మెత్త చివికిపోయిందని, ఆదివారం పొద్దున్నే కొత్తది కుట్టి బిగించాడు. బిగించాడో లేదో, పెద్దావిడ రానే వచ్చింది.

పెడల్ తొక్కి, పుల్లతో కొట్టాడు. టక్! ఇంకో పలక కొట్టాడు. టక్! తలుపు తట్టినట్టుందే తప్ప నాదం లేదు.

"పాడుచేశావన్నమాట," అంటూ లేవబోయింది పెద్దావిడ.

"ఒక్క క్షణం పిన్నిగారూ!" దర్జీ భార్య పలకల కిందికి చెయ్యి పోనిచ్చింది. కోటు భుజాలకి మెత్తలు కూరే చెయ్యి అది, ఇట్టే పసిగట్టింది. "ఏమయ్యా, దీనికీ దూది కుక్కావా? పెడల్ తొక్కినా మెత్త పలకల్ని వదిలితేగా, అవి పలకడానికి!"

"ముసలి వాద్యం కదే, నొచ్చుకుంటుందేమోనని..."

"నీ ప్రేమ చల్లగుండ!" కుట్లు విప్పి, దోసెడు దూది లాగి అవతల పారేసింది.

దర్జీ మళ్లీ కొట్టాడు. నాదం గదంతా నిండి, మెల్లగా ఊగుతూ కిటికీ దాటింది. నాలుగు చోట్ల తప్పులు దొర్లినా పాట ఆపలేదు. పెద్దావిడ కళ్లనీళ్లు తుడుచుకోకుండా కూర్చుంది.

"ఉంచుకోమంటారా?" బిక్కుబిక్కుమంటూ అడిగాడు దర్జీ.

"మా ఆయన మొదట్లో నీకంటే ఘోరంగా వాయించేవాడు. చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని," అందావిడ. "ఇప్పుడా ఘోరమైనా వినిపిస్తే బాగుండనిపిస్తుంది. ఉంచుకో నాయనా." అని దర్జీ భార్య చెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం వినమ్మాయ్. ఎలా వాయించినా విను."