ఎర్రబుట్ట పిల్లకి సారె

ఆ ట్యాబ్ మా బడికి వారం రోజులకే ఇచ్చారు. తర్వాత ముసునూరు వైపు బడికి వెళ్లిపోవాలి. వరండాలో మూడు రంగుల ఖాళీ బుట్టలు పెట్టి ట్యాబ్‌లోంచి చూస్తే, ఒక్కో బుట్టలోంచి ఒక్కో బొమ్మపిల్ల లేచి నోరు తెరుస్తుంది. సరైన చెత్త వేస్తే గంతులేస్తుంది, తప్పు వేస్తే ఉమ్మేస్తుంది. "మా రెండో తరగతికి రెండు రోజులు చాలండీ" అని ట్యాబ్ తెచ్చిన ఆఫీసరుగారి దగ్గర కోతలు కోసింది నేనే. వారంలో వాళ్లకి చెత్త వేరుచేయడం రాకపోతే పోయేది నా పరువే.

అసలే మామిడికాయల రోజులు. తొక్కలూ టెంకలూ తిని తిని ఆకుపచ్చబుట్ట పిల్ల పొట్ట పట్టుకున్నా మావాళ్లు వదల్లేదు, పెళ్లిభోజనంలో లాగా "ఇంకొక్కటి" అని కొసరి కొసరి పెట్టారు. నీలంబుట్ట పిల్లకి చిప్స్ కవర్లు. ఎర్రబుట్ట పిల్ల మాత్రం ఏది పెట్టినా ఉమ్మేసి ఏడుస్తూ కూర్చుంది.

"దీనికి బ్యాటరీల్లాంటి ప్రమాదమైనవే కావాలి" అన్నాను. బుద్ధి తక్కువై అన్నాను.

మర్నాడు ఊళ్లో సగం రిమోట్లు పనిచేయలేదు. ఒక మామ్మగారు ఖాళీ రిమోట్ పట్టుకుని బడికే వచ్చేశారు. "సీరియల్ మధ్యలో ఆగిపోయిందమ్మా. మీ పిల్లకి మా ఇల్లే దొరికిందా?"

అయిపోయినవే తేవాలనీ, సూదులూ గాజుముక్కలూ ముట్టుకోవద్దనీ గొంతు పోయేలా చెప్పాను. తలలైతే ఊపారు.

ఆఖరిరోజు ఆఫీసరుగారు వచ్చి, మేం ఆట చూపించకముందే ట్యాబ్‌ని పెట్టెలో పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది. ఒక పాప ఏడుపు లంకించుకుంది.

"అక్కడ దానికి ఎవరు పెడతారండీ?"

ఇంతలో పిల్లలందరూ ఒక బియ్యం సంచి ఈడ్చుకొచ్చారు. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టారు. ఎర్రపిల్లకి సారె అట. ఆయన నవ్వు ఆపుకుంటూ దాన్ని వరండాలో కుమ్మరించారు. ఒక్క టెంక దొర్లిందా, నా పని అయిపోయినట్టే.

అయిపోయిన బ్యాటరీలు, గడువు తీరిన మాత్రలు, ఎండిపోయిన గోళ్లరంగు సీసా, అడుగంటిన పెయింటు డబ్బా. ఆయన కర్రతో కెలికి కెలికి చూశారు. తొక్క లేదు, కవరు లేదు. అన్నీ ఎర్రబుట్టవే. నాకు అక్కడే గంతులేయాలనిపించింది.

"బాగానే నేర్పారు గానీ, ఇదంతా బండి మీద నేనెలా మోసేదండీ?" అన్నారాయన.

"ఆడపిల్లని ఉత్తి చేతులతో ఎలా పంపుతామండీ? పట్టుకోండి, తాడు నేనిస్తాను" అన్నాను.