అతుకు కనబడని ఆకు

తాండూరు నుంచి వికారాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి, సూదిలాంటి పొడవాటి పచ్చని ఆకు ఒకటి తీసింది. గణుపు దగ్గర లాగితే అది రెండు ముక్కలైంది. వాటిని మళ్లీ ఒకదాంట్లో ఒకటి దూర్చి నా చేతిలో పెట్టింది.

"ఏడ తెంపిన్నో చెప్పు బిడ్డా."

ఎంత చూసినా అతుకు కనబడలేదు.

"గిది సర్వి చెట్టుది. దేవదారు సూదులు పొట్టిగ, గుత్తులు గుత్తులుంటయ్. తెంపితే మళ్ల అతకవ్."

ఆమె అనంతగిరి గుట్ట దగ్గర ఒక రిసార్టులో తోటపని చేసేదట. యజమాని సర్వి, అంటే సరుగుడు మొక్కలను దేవదారు అనుకుని కొన్నాడు. గేటు పక్కన నాటించి, 'దేవదారు వనం' అని బోర్డు కూడా పెట్టించాడు. అవి దేవదారు కావని ఈమె చెప్పింది. "గడ్డి పీకేదానివి, నీకేం ఎరుక" అని అతిథుల ముందు నవ్వి, మర్నాటి నుంచి పనికి రావద్దన్నాడు.

"ఇప్పుడేం చేస్తున్నావు పెద్దమ్మా?"

"తాండూర్ల నర్సరీల పని. రోజు గీ బస్సే. దినాం ఒకరికి గిది చూపిస్త. ఎవరో ఒకరు గా రిసార్టుకు పోకపోతరా? గా చెట్లున్నన్ని దినాలు ఆడు మళ్ల నవ్వొద్దు."

ఆ తర్వాత కొన్నేళ్లకు, నిరుడు, మా ఇంటివాళ్లం ఆ రిసార్టుకు వెళ్లాం. గేటు పక్కన చెట్లు ఏపుగా పెరిగాయి. బోర్డు లేదు, రెండు గుంజలు మాత్రం మిగిలాయి. నేనో ఆకు తెంపి గణుపు దగ్గర లాగాను. గేటు దగ్గర నిలబడ్డ యజమాని ముఖం మాడిపోయింది.

"మీరు గూడ తాండూరు బస్సులనే వచ్చిన్రా?" అన్నాడు.