పేరు రాయని హాల్ టికెట్

ఆ రోజుల్లో నాకు కంప్యూటరంటే బొత్తిగా భయం లేదు. నాలో ఉన్న పెద్ద లోపం అదేనని తర్వాత తెలిసింది. డిగ్రీ అయిన కొత్తలో ప్రత్తిపాడు బస్టాండు పక్కన ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరాను. ఓనరు భాయ్‌గారు అంతకుముందు ఏళ్ల తరబడి మిర్చి టిక్కీల మీద కుంచెతో రైతుల పేర్లు రాసిన మనిషి (టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం). అందుకే ఏ ఫైలు దింపినా, ఎక్కడ సేవ్ చేయాలో, ఏ పేరుతో చేయాలో ముందుగా తెర మీద ఒక పెట్టె తెరిచి అడిగేటట్టు బ్రౌజర్లో పెట్టించారు. మనిషి మనిషికీ ఆ పెట్టెలో పేరు కొట్టడం నాకు మహా చిరాకు. ఒకరోజు హాల్ టికెట్ల కోసం జనం గుమ్మం దాటి నిలబడితే, సెట్టింగుల్లోకి వెళ్లి ఆ అడగడం కాస్తా ఆపేశాను. ఇక ఫైళ్లు చకచకా డౌన్‌లోడ్స్‌లోకి దిగిపోతున్నాయి. అన్నింటికీ ఒకటే పేరు, చివర ఒకటి, రెండు, మూడు అని అంకెలు. "పేరు రాయకుండా కుట్టేస్తన్నావు, చూస్కో అమ్మాయ్" అన్నారు భాయ్‌గారు. "నంబర్లున్నాయిగా భాయ్‌గారూ" అన్నాను. (ఆ ధీమా ఇప్పుడు వెతికినా నాలో దొరకదు.)

ఆ వరసలో మా పిన్ని కూడా ఉంది. మిరప కోతలకు పోతూనే, పిల్లలు పడుకున్నాక పుస్తకం పట్టుకుని, టీచరు పరీక్షకు ఆర్నెల్లు చదివింది. వయసు దాటిపోతోందని ఆమె బెంగ. ప్రింటు తీసి ఇస్తే కన్నెత్తి చూడకుండా నాలుగు మడతలు పెట్టేసింది. మా ఇళ్లల్లో హాల్ టికెట్‌ను ముందు దేవుడు చూడాలి, తర్వాతే మనం. తిన్నగా ఇంటికెళ్లి దాని మూల మీద తడి కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో ఉంచింది. పరీక్ష రోజు పొద్దున దాకా ఇక దాన్ని విప్పరు.

రేపు పరీక్షనగా సాయంత్రం గుబురు మీసాలాయన ఒకరు సెంటరుకొచ్చి కాగితం నా ముందు పెట్టారు. "ఏమ్మా, ఇందులో నాకు చీర కట్టారేంటి?" చూస్తే ఫోటోలో మా పిన్ని. ఆరో నంబరు ఫైలు ఆయనది, ఏడోది పిన్నిది. ఒకరిది ఒకరికి ఇచ్చేశాను. పిన్ని తెల్లవారుతూనే గుంటూరు బస్సెక్కుతుంది. అక్కడ గేటు ముందు విప్పితే ఆమె చదివిన చదువంతా గేటు బయటే ఉండిపోతుంది. భాయ్‌గారు బండి తాళాలు నా చేతిలో పెట్టారంతే. నేను ముందు, తన బండి మీద మీసాలాయన వెనక, పిన్ని ఇంటికి పరిగెత్తాం.

పిన్ని ససేమిరా అంది. "దేవుడి దగ్గర పెట్టింది ఇప్పుడెట్టా తీస్తానే? శకునం చెడిపోద్ది."

"అందులో ఉంది నువ్వు కాదు పిన్నీ."

అప్పుడు తీసి మడతలు విప్పింది. కుంకుమ తడి లోపలికంటా దిగి, సరిగ్గా ఫోటోలో మీసాలాయన నుదుటి మీద బొట్టయి కూర్చుంది. "వారం నుంచీ నేను హారతిచ్చింది ఈయనకా" అంది పిన్ని, గుమ్మంలో నిలబడ్డ ఆయన్నే చూస్తూ. నేను సిగ్గుతో చచ్చిపోతూ, కొత్తది తీసిస్తానండీ అన్నాను ఆయనతో. ఆయన తల గోక్కుని, "ఎందుకులేమ్మా, అదే ఇవ్వండి. పూజ కూడా అయింది కదా" అన్నారు.

ఆ ఏడు ఉద్యోగం ఆయనకొచ్చింది. పిన్నికి కొద్దిలో తప్పింది. "నా పూజంతా ఆయన పట్టుకుపోయాడే" అని కనిపించినప్పుడల్లా నన్ను సాధించేది. అయినా మళ్లీ పరీక్ష పడితే నా దగ్గరికే వచ్చింది. పక్కన నిలబడి, నేను మళ్లీ ఆన్ చేసిన ఆ పెట్టెలో తన పేరు ఒక్కో అక్షరం కొట్టించి, దేవుడి కంటే ముందు తనే ఫోటో చూసుకుంది. ఈసారి ఉద్యోగం వచ్చింది. వేసింది ఎక్కడికంటే, ఆ మీసాలాయన బడికే. మొదటి రోజు ఆయన లేచి నిలబడి కుర్చీ వేశారట.

ఇప్పుడు గుంటూరులో నా ఆఫీసు కంప్యూటరు ప్రతి ఫైలుకీ ఎక్కడ దాచాలో అడుగుతుంది. "ప్రతిసారీ అడుగుతుంటే విసుగు రాదా మేడమ్" అంటారు కొత్తగా చేరిన పిల్లలు. రాదు. ఆ పెట్టె కనబడ్డప్పుడల్లా, క్షణం మిగిల్చానని మురిసిపోయిన ఆ తొందరపిల్ల గుర్తొస్తుంది. దాన్ని కోప్పడాలనిపించదు. నవ్వుకుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కొడతాను.