రంగి బెదురు

కిరండూల్ స్టేషన్ నుంచి క్వార్టర్సుకి జట్కా తోలినవాడు ఒక్కడే, కూర్మారావు. లైను కొత్తగా పడిన రోజుల్లో విజయనగరం వైపు నుంచి భార్య దేవుడమ్మనీ, తమ్ముడు ఎర్రన్ననీ, రంగి అనే ఆడగుర్రాన్నీ వెంటబెట్టుకొచ్చాడు. మా పక్క వాటాలోనే ఉండేవాళ్లు. రంగి మీద కొరడా పడగా నేనెన్నడూ చూడలేదు. ఆయన భుజం కాస్త వంచితే అటు తిరిగేది, నాలుక చప్పరిస్తే కదిలేది.

ఎర్రన్న ఊరి బయట కంకర క్వారీలో పనికి కుదిరాడు. ఒక మధ్యాహ్నం మందు పేల్చినప్పుడు రాయి ఎగిరొచ్చి తగిలి ప్రాణం పోయింది. ఇంటి పెద్ద ఏడిస్తే మిగతావాళ్లు బెంబేలెత్తిపోతారని వాళ్లలో ఒక పట్టింపు. కూర్మారావు పాడె మోశాడు గాని కంట తడి పెట్టలేదు. మర్నాడే బండి కట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను.

ఆ తర్వాతే రంగికి బెదురు పట్టుకుంది. మందు పేల్చే ముందు క్వారీ సైరన్ మోగితే చాలు, పరుగు లంకించుకునేది. కూర్మారావు పగ్గాలు బిగించి "ఏటీ నేదే, ఏటీ నేదే" అనేవాడు. చివరికి బండి కాలవలో పడి పోర్టరు తాతబాబు భార్యకి చెయ్యి విరిగింది.

"రేపు సైరన్‌కి ఈ గుర్రం నా కళ్లముందు కదలకుండా నిలబడితే సరి. నేదా, గీదం సంతకి తోలి అమ్మెయ్!" అని అరిచాడు తాతబాబు.

సాయంత్రం దేవుడమ్మ మొగుణ్ణి నిలదీసింది. "గుర్రానికేటి బెదురు? సైరన్ మోగితే నీ ఒళ్లు కర్రయిపోతంది. ఆ గొంతుతో ఏటీ నేదంటే నాకే దడ పుడతంది. అది పేలుడికి కాదు, నిన్ను సూసి బెదిరిపోతంది."

"ఊరుకోయే" అన్నాడాయన.

మర్నాడు స్టేషన్ ముందు రంగి కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. మేమంతా చేరాం. సైరన్ మోగింది. రంగి చెవులు వెనక్కి వాల్చి, డెక్కతో నేల గీరింది. "ఏటీ..." అని ఆగిపోయాడు కూర్మారావు. కళ్లెం వదిలేసి దాని మెడ మీద తల ఆనించాడు.

"రంగీ, మన ఎర్రన్న సచ్చిపోనాడే!" అని బావురుమన్నాడు.

బిర్రబిగిసిన భుజాలు జారిపోయాయి. అంత మనిషీ చంటిపిల్లాడిలా వెక్కుతుంటే నాకూ దుఃఖం ఆగలేదు.

కొండ అవతల మందు పేలింది. రంగి ఒకసారి చెవి విదిల్చి, అక్కడే నిలబడి ఆయన్ని ఏడవనిచ్చింది.

తాతబాబు కళ్లు తుడుచుకున్నాడు. "బండి కట్టన్నా, ఇంటికెళ్లాల" అని తనే ముందు వెళ్లి జట్కా దగ్గర నిలబడ్డాడు.