రేకుల కొట్టంలో పుట్టిన దూడ

2024 మే నెల. పుదుచ్చేరిలో నడివేసవి కత్తిరి ఎండలు మండిపోతున్నాయి. పశువైద్యురాలిగా నేను అప్పటికే చాలా వేసవులు చూశాను. ఒక మధ్యాహ్నం ముదలియార్‌పేట నుంచి కామాక్షమ్మ ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, ఆవు పొద్దన ఈనింది. దూడ లేచి నిలబడింది కూడా. ఇప్పుడు నాలుక బయట పెట్టేసింది. బిన్నా రాండమ్మా, ఆలస్యం చేయొద్దు."

నేను వెళ్లేసరికి దూడ కొట్టంలో లేదు. ఇంట్లో ఆమె భర్త మునుసామి మంచం పక్కన, తడి గోనెపట్టా మీద పడి ఉంది. పక్షవాతంతో ఆయనకు మాట పడిపోయింది. ఆ ఆవును దూడప్పటి నుంచి సాకింది ఆయనే. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ దూడ వైపు తిరిగి ఉంది. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"తిప్పమని ఈయనే చెయ్యి చూపించినాడు. వద్దన్నా వినలే," అంది కామాక్షమ్మ.

దూడ జ్వరం నూట ఏడు డిగ్రీలు దాటింది. హీట్ స్ట్రోక్, అంటే వడదెబ్బ. అప్పుడే పుట్టిన దూడకు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి సరిగా ఉండదు. కొట్టంలో పైన రేకు, కింద సిమెంటు నేల. నీడలోనే ఉన్నా ఉడికిపోయింది.

పక్కింటావిడ ఐసు నీళ్లు తెచ్చింది. వద్దన్నాను. చర్మం ఒక్కసారిగా బిగుసుకుంటే లోపలి వేడి బయటికి రాదు. మామూలు నీళ్లతో కాళ్లు, పొట్ట తడపమని చెప్పి, మెడ నరానికి డ్రిప్ పెట్టాను.

"జున్నుపాలు తాగిందా?"

"రెండు గుక్కలు తాగింది. మళ్లా పట్టలే."

సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగితే దూడను వాకిట్లోకి మార్చాం. జ్వరం దిగింది. దూడ తల ఎత్తి నా వేలు చప్పరించింది. కామాక్షమ్మ నవ్వుతూ పాల సీసా కోసం లేచింది. ఆమె తిరిగి వచ్చేలోపే దూడకు ఫిట్స్ వచ్చాయి. ఇంజెక్షన్ ఇచ్చాను, రెండు చేతులా గుండె మీద ఒత్తాను. ఆగిన ఊపిరి మళ్లీ రాలేదు.

"ఆయనకు మీరే చెప్పండమ్మా. నాకు నోరు రాలే."

లోపలికి వెళ్లి మునుసామి మంచం పక్కన కూర్చున్నాను. "పెద్దయ్యా, దూడ పోయింది. చేయగలిగిందంతా చేశాం."

ఆయన కళ్లు మూసుకున్నాడు. పనిచేసే చేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. బయట ఆవు అరుస్తూనే ఉంది.

కామాక్షమ్మ చెంబు తీసుకుంది. "పొదుగు బిగిసిపోయింటాది. పిండకపోతే దానికి నొప్పి."

నేను ఆవు మెడ నిమురుతూ నిలబడ్డాను. చిక్కటి పసుపు పాలు చెంబులో పడుతుంటే ఆమె ఏడుస్తూనే ఉంది. చేతులు మాత్రం ఆపలేదు.

వడదెబ్బ లోపలి అవయవాలను దెబ్బతీశాక, జ్వరం దిగినంత మాత్రాన ప్రాణం నిలవదు. అసలు వైద్యం ఆవు ఈనక ముందే మొదలు కావాలి. ఇప్పుడు చూడి ఆవున్న ఇళ్లకు ఎండలు ముదరకముందే వెళ్తున్నాను. రేకుల మీద కొబ్బరాకు తడికలు పరచమంటే అందరూ సరేనంటారు. ఎవరో ఒకరు నిచ్చెన వేసి పైకెక్కేదాకా నేను అక్కణ్ణుంచి కదలను.